కనిష్క చక్రవర్తి: బాహ్లిక పర్వతసీమ నుండి

అశోకుని తరువాత బౌద్ధ వాఙ్మయం అత్యధికంగా కీర్తించిన ప్రభువు కనిష్కుడు. చైనా యాత్రికుల గ్రంథాలు, టిబెట్ దేశపు ధర్మచరిత్రలు, కల్హణుని రాజతరంగిణి అతనిని స్మరించినవి. సంస్కృత సాహిత్య చరిత్రను బోధించేటప్పుడు అశ్వఘోషునితో పాటు కనిష్కుని పేరు చెప్పక తప్పదు. అయితే ఈ కీర్తి అంతా ఇతరులు వ్రాసినది. అందులో పెద్ద భాగం అతడు గతించిన కొన్ని శతాబ్దాలకు వ్రాసినది. కనిష్కుడు తన్ను గూర్చి తాను చెక్కించిన సుదీర్ఘ శాసనం 1993 వరకు మట్టిలోనే ఉన్నది. అది లభించిన చోటు మథుర కాదు, పురుషపురమూ కాదు. హిందూకుష్ పర్వతాలకు ఉత్తరాన, నేటి అఫ్గానిస్తాన్‌లో ఉన్న రబాతక్ అనే చోట అది బయటపడినది. ఆ శాసనాన్ని ముందుంచుకొని ఈ చక్రవర్తి జీవితాన్ని మరల చదువవలసి ఉన్నది.

శాసనం దొరికిన తీరు కూడ చెప్పదగినదే. అఫ్గానిస్తాన్ అంతర్యుద్ధంలో మునిగి ఉన్న రోజులవి. స్థానికులు కాఫిర్ కోట అని పిలిచే ఒక దిబ్బమీద కందకం త్రవ్వుతుండగా ఈ రాతిపలక, మరికొన్ని శిల్పఖండాలు కనబడినవి. మందుపాతరలను తొలగించే సంస్థలో పనిచేస్తున్న ఒక ఉద్యోగి వాటికి ఛాయాచిత్రాలు తీసి లండన్‌కు పంపినాడు. ఆ చిత్రాల ఆధారంగానే నికొలస్ సిమ్స్-విలియమ్స్ శాసనపాఠాన్ని, నాణెశాస్త్రవేత్త జో క్రిబ్ చారిత్రక వ్యాఖ్యను సిద్ధపరచి 1995-96లో ప్రకటించినారు. ఇరువది మూడు పంక్తుల శాసనమిది. లిపి గ్రీకు, భాష బాహ్లిక దేశానికి చెందిన ఇరానీ శాఖాభాష.

కనిష్కుని పూర్వులు ఈ దేశానికి కొత్తవారు. చైనా చరిత్రకారులు యూచీలని పేర్కొన్న సంచారజాతి, క్రీ.పూ. రెండవ శతాబ్దంలో హూణుల పూర్వులుగా కొందరు భావించే షియుంగ్‌నూల ఒత్తిడికి తాళలేక పడమటికి జరిగి, వంక్షునదీ తీరాన స్థిరపడినది. వారు అయిదుగురు నాయకుల క్రింద అయిదు భాగాలుగా ఉండేవారు. ఆ అయిదింటిలో కుషాణ శాఖకు నాయకుడైన కుజుల కద్ఫిసెస్ మిగిలిన నాలుగింటిని లోబరచుకొని, హిందూకుష్ దాటి కాబూల్ లోయలో ప్రవేశించినాడు. అలెగ్జాండరు దండయాత్ర నాటినుండి ఆ సీమలో గ్రీకు లిపి, గ్రీకు నాణెములు చెలామణిలో ఉన్నవి. కుషాణులు ఆ లిపిని విడువలేదు. దానినే తమ భాషకు అనువుగా మలచుకొని, గ్రీకులో లేని షకార ధ్వని కోసం ఒక కొత్త అక్షరాన్ని చేర్చుకొన్నారు.

రబాతక్ శాసనం వెలుగు చూచేవరకు కనిష్కుని వంశక్రమం వివాదగ్రస్తమై ఉండినది. అతడు కద్ఫిసెస్ వంశీయుడు కాడని, వేరొక శాఖనుండి వచ్చినవాడని వాదించిన పండితులు తక్కువమంది కారు. ఇప్పుడు ఆ సందేహం తీరినది. ముత్తాత కుజుల కద్ఫిసెస్, తాత విమ తక్తు, తండ్రి విమ కద్ఫిసెస్ అని కనిష్కుడే వరుసగా చెప్పుకొన్నాడు. తండ్రియైన విమ కద్ఫిసెస్ నాణెములు ప్రసిద్ధములే. వృషభంతో కూడిన శివమూర్తిని బంగారు నాణెములపై ముద్రించి, ఖరోష్ఠీ లిపిలో తన్ను మాహేశ్వరునిగా చెప్పుకొన్న రాజు అతడు. అందుచేత కనిష్కుడు పుట్టి పెరిగిన ఇల్లు శైవానికి పరిచితమైనదే.

అతడు ఎప్పుడు సింహాసనం అధిష్ఠించినాడన్న ప్రశ్నకు మన పాఠ్యగ్రంథాలు చాలకాలం క్రీ.శ. 78 అని సమాధానం చెప్పినవి. మన పంచాంగాలలో శాలివాహన శకంగా నిలిచిన గణనకు ఆదికర్త కనిష్కుడేనని కంఠస్థం చేసినవారమే మనలో చాలామందిమి. ఈ అభిప్రాయం నిలువదు. దానిని సరిదిద్దినది ఒక జ్యోతిష గ్రంథం. స్ఫుజిధ్వజుని యవనజాతకం నేపాళంలోని తాళపత్రప్రతి ద్వారా మనకు దక్కినది. కుషాణ సంవత్సరసంఖ్యకు 149 కలిపితే శకవర్షం వచ్చునని అందులో ఒక సూత్రమున్నది. జర్మన్ పండితుడు హ్యారీ ఫాక్ 2001లో దీనిని వివరించినాడు. 149కి 78 కలుపగా 227 వచ్చును. కుషాణులు నూరేండ్లు నిండిన తరువాత శతస్థానాన్ని విడిచి మరల ఒకటి నుండి లెక్కించెడివారు గనుక, ఈ 227 రెండవ శతకానికి ఆరంభమై, మొదటి శతకానికి ఆరంభం క్రీ.శ. 127 అగుచున్నది. ఇప్పుడు అధికసంఖ్యాకులు అంగీకరించే తేదీ ఇదే. దీనివల్ల మరొక కథ కూడ తొలగిపోవును. చైనా సేనాని పాన్ చావో క్రీ.శ. 90లో తిప్పికొట్టిన యూచీ సేన కనిష్కునిదని పూర్వం వ్రాసెడివారు. ఆ పరాజయం అతనిది కాదు, అతని పూర్వులది.

రాజ్యానికి వచ్చిన తొలియేటనే కనిష్కుడు కొత్త గణనను ఆరంభించినాడు. తనకు రాజ్యాన్ని ప్రసాదించినది ననా దేవి, ఇతర దేవతలందరు అని అతని మాట. ననా పశ్చిమాసియాలో అతిప్రాచీనకాలం నుండి పూజలందుకొన్న దేవత. ఆమె ప్రసాదంగా సింహాసనం పొందినానని చెప్పుకొన్న రాజు, వెంటనే భాష విషయంలో ఒక పెద్ద మార్పు చేసినాడు. శాసనాన్ని గ్రీకులో వెలువరించి, ఆపైన దానిని ఆర్యభాషలోనికి మార్చినట్లు రబాతక్ పలక తెలుపుచున్నది. ఆర్యభాష అని అతడు వ్యవహరించినది సంస్కృతాన్ని కాదు, తన బాహ్లిక భాషనే. ఈ మాటకు నాణెములు సాక్ష్యం చెబుతున్నవి. అతని తొలి నాణెములపై గ్రీకు బిరుదులు, గ్రీకు దేవతల పేర్లు ఉన్నవి. తరువాత వాటి స్థానంలో బాహ్లిక పదాలు వచ్చినవి. సూర్యుడు హేలియోస్ కాస్తా మీరో అయినాడు. చంద్రుడు సెలేనే పేరు విడిచి మావో అయినాడు. బొమ్మలు అవే, పేర్లు మాత్రం మారినవి. ఒక రాజు తన ఇంటిభాషకు నాణెం మీద, రాతిమీద ఒకేసారి పట్టం కట్టిన సందర్భాలు ప్రాచీన చరిత్రలో అరుదు.

భారతదేశంలోని నగరాలన్నిటను తన ఆజ్ఞ చాటబడినదని చెబుతూ అతడు సాకేతం, కౌశాంబి, పాటలీపుత్రం, శ్రీచంపా నగరాల పేర్లు చెప్పినాడు. చంప నేటి బీహారులోని భాగల్పూరు ప్రాంతం. వంక్షునది నుండి గంగానది దిగువ వరకు అతని ఆజ్ఞ చెల్లినదన్నమాట. దీనికి సారనాథ్ సాక్ష్యమున్నది. కనిష్కుని మూడవ సంవత్సరంలో బలుడనే త్రిపిటకవేత్తయైన భిక్షువు మథురలోని ఎర్రరాతితో చేసిన మహాబోధిసత్త్వ ప్రతిమను సారనాథ్‌లో ప్రతిష్ఠించినాడు. దానిపై మహాక్షత్రప ఖరపల్లానుని పేరు, క్షత్రప వనస్పరుని పేరు ఉన్నవి. ఇక్కడ ఒక విషయం గమనించవలెను. ప్రతిమను ప్రతిష్ఠించినవాడు భిక్షువు, రాజు కాడు. రాజు పేరు ఆ లేఖనంలో కాలగణన కోసం వచ్చినది. కనిష్క సంవత్సరాలతో తేదీ వేసిన బౌద్ధ శాసనాలను అన్నిటిని కనిష్కుని బౌద్ధభక్తికి నిదర్శనాలుగా ఉదాహరించే అలవాటు మన వ్యాసాలలో కలదు. అది సరికాదు.

మరి రాజు స్వయంగా కట్టించినది ఏమి? షఫర్ అనే అధికారికి ఆజ్ఞ ఇచ్చి రబాతక్‌లో ఒక దేవాలయం కట్టించినట్లు శాసనం చెబుతున్నది. అందులో ననాదేవితో పాటు ఉమ్మా, అహుర మజ్దా రూపాంతరమైన అవుర్‌మజ్ద్, స్రోషర్ద్, నరస, మిహిర దేవతల ప్రతిమలు చేయించబడినవి. ఉమ్మా అన్నది మన ఉమాదేవియే అని కొందరు, అది ఒక విశేషణం మాత్రమే అని మరికొందరు అంటున్నారు. స్రోషర్ద్ పేరు వద్ద పంక్తిపైన చిన్న అక్షరాలతో ఒక పూరణమున్నది. ఈ దేవతను భారతీయ భాషలో మహాసేనుడందురని, విశాఖుడందురని అందులో చెప్పబడినది. పాణిని సూత్రానికి మహాభాష్యం చెప్పేటప్పుడు పతంజలి శివ స్కంద విశాఖుల ప్రతిమలను ప్రస్తావించిన విషయం మన విద్యార్థులకు తెలిసినదే. ఆ విశాఖుడు హిందూకుష్ ఆవల, ఇరానీ దేవత పేరుకు వివరణగా, గ్రీకు లిపిలో దర్శనమిచ్చినాడు. కనిష్కుని తరువాత రాజ్యం చేసిన హువిష్కుడు స్కందకుమార, విశాఖ, మహాసేనులను నాణెములపై ముద్రించినాడు గనుక ఈ పూరణం ఏదో లేఖకుని చాపల్యం అనుటకు వీలులేదు.

ఆ ఆలయంలో దేవతలతో పాటు రాజప్రతిమలు కూడ ఉండినవి. కుజుల, విమ తక్తు, విమ కద్ఫిసెస్‌ల ప్రతిమలతో పాటు తన ప్రతిమను కూడ చేయించవలసినదని కనిష్కుడు ఆదేశించినాడు. ఇది చదువగానే భాసుని ప్రతిమానాటకం గుర్తుకు రాక మానదు. అయోధ్య వెలుపల ప్రతిమాగృహంలో దిలీప రఘు అజుల సరసన తన తండ్రి దశరథుని విగ్రహం చూచి, అక్కడ గతించినవారికే ప్రతిమలుంచుదురని విని, భరతుడు తండ్రి మరణాన్ని గ్రహించినాడు. భాసుని నియమం కనిష్కునికి లేదు. బ్రదికి ఉండగానే పూర్వుల వరుసలో అతడు నిలిచినాడు. మథుర సమీపంలోని మాట్ గ్రామంలో 1911లో బయటపడిన కుషాణ దేవకులంలోనూ ఇదే సంప్రదాయం కనబడుతున్నది. అక్కడి కనిష్క ప్రతిమకు తల లేదు. బరువైన పాదరక్షలు, మోకాళ్ళు దాటిన అంగరఖా, ఒక చేత గద, ఒక చేత ఖడ్గముష్టి. అంచున బ్రాహ్మీలిపిలో మహారాజ రాజాతిరాజ దేవపుత్ర బిరుదులు ఉన్నవి. గంగాయమునల వేడిమిలో నిలిపినా ఆ విగ్రహానికి తొడిగించిన దుస్తులు మంచుకొండల దుస్తులే.

రబాతక్ దేవతల పట్టికలో బుద్ధుడు లేడు. బౌద్ధ చక్రవర్తిగా మనం చదువుకొన్న కనిష్కుని గూర్చి ఇంతకంటె ముఖ్యమైన విషయం ఈ శాసనంలో లేదని నా అభిప్రాయం. నాణెములలో బుద్ధుడు ఉన్నాడు. గ్రీకు లిపిలో బోద్దో అన్న పేరుతో నిలిచిన బుద్ధమూర్తి, రాగినాణెములపై శాక్యముని, మైత్రేయుడు కనబడుతారు. బుద్ధుడున్న బంగారు నాణెములు చాల కొద్ది. వాటిలో ఒకటి జలాలాబాద్ సమీపాన ఆహిన్‌పోష్ స్తూపంలో రోమన్ చక్రవర్తుల బంగారు నాణెములతో కలిసి దొరికినది. అయితే ననా, మీరో, మావో, అగ్నిదేవత అథ్‌షో, ఓయెషో మూర్తులు వాటికంటె ఎన్నో రెట్లు ఎక్కువగా ముద్రించబడినవి. ఓయెషో నాలుగు చేతులతో త్రిశూలం ధరించి నిలుచును. అతడు శివుడా, ఇరానీ వాయుదేవతయా అన్న చర్చ ముగియలేదు. ఆ సీమలో పూజించినవారికి ఈ రెండూ వేరు అనిపించి ఉండకపోవచ్చును.

ఇంతమాత్రాన కనిష్కునికి బౌద్ధంతో సంబంధం లేదనుట మరొక అతివాదం. పురుషపురంలో, అనగా నేటి పెషావర్‌లో, అతని పేర ఒక విహారమున్నది. అక్కడి మహాస్తూపం నాలుగు వందల అడుగులకు మించిన ఎత్తని చైనా యాత్రికులు వర్ణించినారు. షాజీ కీ ఢేరీ అనే దిబ్బలో 1908-09లో స్పూనర్ త్రవ్వకాలు జరిపి ఆ స్తూపపు పునాదిని, అందులో ధాతువులున్న లోహపేటికను కనుగొన్నాడు. ధాతువులు 1910లో బర్మాలోని మాండలేకు చేరినవి. పేటిక పెషావర్ ప్రదర్శనశాలలో నిలిచినది. మూతపై ఇంద్ర బ్రహ్మల నడుమ బుద్ధుడు, పేటిక చుట్టు సూర్యచంద్రుల నడుమ కుషాణ వేషంలో రాజు ఉన్నారు. పేటికపై ఖరోష్ఠీ లేఖనంలోని ఒక పదాన్ని అగేసిలస్ అనే గ్రీకు శిల్పి పేరుగా చదివి, కనిష్క స్తూపాన్ని యవనుడు కట్టినాడని కొన్ని దశాబ్దాలు వ్రాసినారు. అది అగ్నిశాలా శబ్దానికి ప్రాకృతరూపమని తరువాత తేలినది. కనిష్క విహారంలోని అగ్నిశాల నిర్మాణాన్ని పర్యవేక్షించినవారు సర్వాస్తివాద ఆచార్యులకు ఇచ్చిన దానమిది. ఒక్క పదం తప్పుచదువుతో ఒక శిల్పి పుట్టి, కీర్తి పొంది, మాయమైనాడు. విహారానికి మాత్రం రాజు పేరు నిలిచినది. రాజాశ్రయం లేనిదే ఆ పేరు రాదు.

హుయాన్‌త్సాంగ్ క్రీ.శ. 630 ప్రాంతంలో కపిశకు వచ్చునాటికి కనిష్కుడు గతించి అయిదు వందల ఏండ్ల కాలం కావచ్చినది. అయినను ఆ పర్వతదేశంలో అతని కథలు సజీవంగా ఉన్నవి. పసుపునది పడమటి సీమల రాజులు తమ కుమారులను అతనివద్ద పూచీగా ఉంచినారట. వారు వేసవిలో కపిశలోను, చలికాలంలో భారతభూమిలోను, వసంత శరత్తులలో గాంధారంలోను ఉండేవారట. కపిశలో వారికై కట్టిన విహారంలో యాత్రికుడు బసచేసినాడు. కొండలలో కాలాన్ని బట్టి కదలే పశుపాలకుల జీవనమే రాజదర్బారులో ఈ రూపం దాల్చినదనిపించును. కపిశ నేటి బేగ్రామ్. అక్కడ 1937లోను, 1939లోను ఫ్రెంచి పురావేత్తలు తెరచిన రెండు మూసిన గదులలో భారతీయ దంతశిల్పాలు, రోమన్ గాజుపాత్రలు, చైనా లక్కపాత్రలు కలిసి దొరికినవి. మూడు దిక్కుల సంపద చేరిన చోటు అదేనని చెప్పుటకు వేరే వ్యాఖ్యానం అక్కరలేదు.

కపిశకు వాయవ్యాన మంచుకొండలోని సరస్సులో ఒక నాగరాజు ఉండి, కనిష్కుడు కట్టిన స్తూపాన్ని పలుమార్లు కూల్చినాడని, చివరకు రాజు సరస్సునే పూడ్చుటకు సేనతో వచ్చి తన పుణ్యబలాన్ని స్మరింపగా అతని భుజాలనుండి జ్వాలలు లేచినవని మరొక కథ. ఇది కేవలం కల్పన అని త్రోసివేయకూడదు. కనిష్కుని నాణెములపై అతని భుజాలనుండి నిజంగానే జ్వాలలు లేచుచుండును. ఇరానీ సంప్రదాయంలో రాజతేజస్సుకు అది గుర్తు. అర్థం మరచిన జనులు ఆ బొమ్మకు బౌద్ధ కథను అల్లుకొన్నారు.

కాశ్మీరంలో జరిగినట్లు చెప్పే నాల్గవ సంగీతి విషయంలో మరింత జాగ్రత్త అవసరం. పార్శ్వాచార్యుని ప్రేరణతో రాజు అయిదు వందల అర్హతులను సమావేశపరచినాడని, వసుమిత్రుడు అధ్యక్షుడని, త్రిపిటకాలకు వ్రాసిన వ్యాఖ్యలను రాగిరేకులపై చెక్కించి స్తూపంలో నిక్షేపించినాడని హుయాన్‌త్సాంగ్ వ్రాసినాడు. సింహళ సంప్రదాయం ఈ సంగీతిని ఎరుగదు. దాని ఫలమని చెప్పే మహావిభాషా గ్రంథం కనిష్కుని పూర్వకాలపు గాంధారరాజుగా పేర్కొనుచున్నది. రాజు సమక్షంలో రచించిన గ్రంథం అతనిని గతించినవానిగా చెప్పదు. సర్వాస్తివాదులు కాశ్మీరంలో గొప్ప వ్యాఖ్యాననిర్మాణం చేసినమాట నిజం. దానికి అశోకునివంటి ఒక రాజాధ్యక్షుడు కావలసి వచ్చినప్పుడు కనిష్కుడు దొరికినాడు.

అశ్వఘోషుని సంగతి కొంత వేరు. పాటలీపుత్రాన్ని ముట్టడించిన రాజు కప్పానికి బదులుగా బుద్ధుని భిక్షాపాత్రను, అశ్వఘోషుని తీసుకొనిపోయినాడని చైనా గ్రంథాలు చెబుతున్నవి. అతని ఆప్తులు ముగ్గురు, అశ్వఘోషుడు, మంత్రి మాఠరుడు, వైద్యుడు చరకుడు అని మరొక గాథ. చరకసంహితాకర్త ఇతడేనని నిశ్చయించుటకు ఈ ఆధారం చాలదు. అశ్వఘోషుడు తన్ను సాకేతవాసిగా, సువర్ణాక్షీపుత్రునిగా చెప్పుకొన్నాడు. రాజు పేరు చెప్పలేదు. ఆ సాకేతమే రబాతక్ శాసనంలో కనిష్కుని నగరాల వరుసలో ఉన్నది. శారిపుత్రప్రకరణ ఖండాలు మధ్యాసియాలో కుషాణకాలపు లిపిలో దొరికినవి. వీటిని కలిపి చూస్తే కవి, రాజు సమీపకాలికులనుటకు అడ్డులేదు. ఆస్థానకవిత్వం వరకు పోవుట నేను ఒప్పుకొనలేను.

కనిష్కుని పేరుగల శాసనాల వరుస ఇరువది మూడవ సంవత్సరంతో, అనగా క్రీ.శ. 150 ప్రాంతంలో ముగియుచున్నది. నలుబది ఒకటవ సంవత్సరపు ఆరా శాసనంలో కనబడే వాజేష్కపుత్రుడైన కనిష్కుడు వేరొకడు. ఇద్దరిని ఒక్కరిగా కలిపి ఏబది ఏండ్ల రాజ్యం కల్పించిన రచనలు లేకపోలేదు. అతని మరణం గూర్చి చైనాలో నిలిచిన కథ అతని కీర్తికి అనుకూలమైనది కాదు. మూడు దిక్కులు జయించి నాల్గవదైన ఉత్తరదిక్కుకు బయలుదేరగా, ఎడతెగని యుద్ధాలతో విసిగిన జనులు, అతడు జబ్బుపడి ఉన్న సమయంలో దుప్పటి కప్పి ఊపిరాడనీయక చంపినారట. తాను చేసిన సంహారానికి ఫలంగా వేయి తలల చేపగా పుట్టి, తిరుగుతున్న చక్రం తలలను నరుకుతుండగా, విహారఘంట మ్రోగినంతసేపు మాత్రం ఉపశమనం పొందినాడట. ఇది చరిత్ర అని చెప్పను. కాని అతనిని ధర్మరాజుగా పూజించిన సంప్రదాయమే అతని యుద్ధాలను కూడ మరువలేదన్నది గమనింపదగినది.

కపిశ, కాబూల్ సీమ అతనిని మరింతకాలం గుర్తుంచుకొన్నది. పదునొకండవ శతాబ్దంలో అల్బెరూనీ కాబూల్ షాహీల పూర్వులలో కనిక్ అనే రాజును, పురుషపురంలోని అతని విహారాన్ని పేర్కొన్నాడు. తరువాతి శతాబ్దంలో కల్హణుడు హుష్క, జుష్క, కనిష్కులను తురుష్కవంశీయులుగా చెప్పి, వారు తమ పేర్లతో కట్టిన పురాలను తెలిపినాడు. బారాముల్లా వద్ద కనిస్పోర అనే ఊరు కనిష్కపురమే.

రబాతక్ సమీపాననే సుర్ఖ్ కోతల్ అనే కొండమీద కనిష్కుని పేరుగల మరొక ఆలయమున్నది. కొండవాలున అంతస్తులుగా ఎక్కే మెట్లవరుసతో కట్టిన ఆ ఆలయాన్ని 1952 నుండి 1963 వరకు డేనియల్ ష్లుంబెర్జే త్రవ్వించినాడు. కనిష్కునిదిగా భావించే మరొక శిలాప్రతిమ అక్కడ దొరికినది. దానికీ తల లేదు, దుస్తుల క్రిందిభాగం, పాదరక్షలు మిగిలినవి. కాబూల్ ప్రదర్శనశాలలో ఉన్న ఆ ప్రతిమను 2001లో తాలిబన్లు సుత్తెలతో ముక్కలు చేసినారు. ముక్కలను ఏరి, అతికించి, మరల నిలిపినారు. రబాతక్ పలక కొన్ని ఏండ్లు ఎక్కడున్నదో పండితలోకానికి తెలియలేదు. 2000లో పూలీ ఖుమ్రీలోని ఒక గిడ్డంగిలో కనబడి, అటుపిమ్మట కాబూల్ ప్రదర్శనశాలకు చేరినది.